లేరని చెప్పాలి

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి పెద్దమ్మాయి అనే పిలుస్తారు. నలభై దాటి, చెవుల పక్కన జుట్టు నెరిసినా పిలుపు మారలేదు. బేకరీవాళ్ళ పెద్దమ్మాయి. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "ఓవెన్ ఆరిపోతోంది, తర్వాత మాట్లాడదాం" అనేదట. ఓవెన్ ఆరిందీ లేదు, ఆ మాట మళ్ళీ వచ్చిందీ లేదు.

ముందు బేకరీ, వెనక ఇల్లు, రెంటికీ మధ్య అటూ ఇటూ ఊగే చెక్క తలుపు. ఇంట్లోకి పక్క సందులోంచి వేరే గుమ్మం ఉంది. నాన్న ఉన్నన్నాళ్ళూ ఏ తలుపునూ చేత్తో ముట్టుకున్న మనిషి కారు. ఎప్పుడూ మణికట్ల దాకా పిండే. అందుకని మోచేత్తో తట్టేవారు. వేళ్ళతో కొడితే టక్‌టక్‌మంటుంది. ఆయన తడితే ఎక్కడో బస్తా దించినట్టు మెత్తగా, దభ్... దభ్... అని వినపడేది. ఆ చప్పుడుకి అమ్మ లోపల ఏ పనిలో ఉన్నా "ఆఁ, వస్తున్నా" అనేది. అంత కాపురంలో వాళ్ళిద్దరూ ఎక్కువగా మాట్లాడుకున్నది అదేనేమో.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వంగలేదు. ఇద్దరూ కలిసి ఎక్కడికైనా బయల్దేరితే, నాన్న ముందుగా గుమ్మం దగ్గరికి వెళ్ళి అమ్మ చెప్పులను వీధివైపు తిప్పి పెట్టేవారు. అమ్మ కాళ్ళు పెట్టడమే తరువాయి. "మహారాణీవారికి పల్లకీ సిద్ధం" అనేవారు. అమ్మ సిగ్గుపడి, పిల్లలున్నారనేది.

ఆ నాన్న నిద్రలోనే పోయారు. పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

నాన్నమ్మ చెప్పిపోయిన మాట ఒకటి ఆ ఇంట్లో ఉంది. పోయినవాళ్ళ గురించి ఎవరైనా అడిగితే "లేరు" అనే చెప్పాలి. పిల్లలడిగినా సరే. ఊరెళ్ళారనీ, వస్తారనీ అనకూడదు. "పోయినవాళ్ళు పగటి నిద్రలోంచి లేచిన పసిపిల్లల్లాంటివాళ్ళు తల్లీ. పొద్దో సాయంత్రమో తెలీదు, ఎక్కడున్నారో తెలీదు. మనం ఏది చెబితే అదే నమ్ముతారు. వస్తారంటే వచ్చేస్తారు. లేరని చెప్పండి. వినడానికి కటువుగా ఉంటుంది, కానీ దయ అదే." నాన్నమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో ఎవరో ఒక పిల్లను నిద్రపుచ్చడానికి, పోయిన అత్త గురించి "వస్తుందిలే, పడుకో" అన్నారట. తర్వాత ఏమైందంటే నాన్నమ్మ చెప్పేది కాదు. ఆ గది తలుపుకు మాత్రం బయటినుంచి మేకులు కొట్టేశారనేది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. పెద్దమ్మాయి రొట్టెల అచ్చులకు నూనె రాస్తోంది. మేడ మీద ఆరేసిన దుప్పట్లు తెస్తానని అమ్మ వెళ్ళింది. వద్దన్నా వినలేదు. అంతలో కుండపోత.

అమ్మ దిగొచ్చేసరికి తల మీంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. దుప్పట్లు చేతుల్లోనే ఉన్నాయి. ఊగే తలుపు దగ్గర నిలబడి, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు బేకరీ అంతా కలియజూసింది.

"ఏమైందే? నేనెందుకు తడిశాను?"

"వానలో మేడెక్కితే తడవరా మరి?" అంది పెద్దమ్మాయి, అచ్చుల మీంచి తలెత్తకుండా.

అమ్మ నవ్వింది. దుప్పట్లు బల్ల మీద పెట్టి, ఒళ్ళో లేని చెంగును సర్దుకున్నట్టు చేతులతో ఒకసారి ముందుకు సవరించుకుంది. "మీ నాన్నేరీ?" అంది.

నోరు జారిందనుకుంది పెద్దమ్మాయి. అంత కాపురం చేసిన మనిషికి అది తప్పేమీ కాదు. తువ్వాలు తెచ్చి తల తుడుస్తుంటే అమ్మ మళ్ళీ అంది.

"ఏమైందే? నేనెందుకు తడిశాను?"

అదే గొంతు. అదే నవ్వు. చేతులతో అదే సవరింపు.

"మీ నాన్నేరీ?"

పెద్దమ్మాయి చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో మంచాల మధ్య ఆకుపచ్చ పరదాలు. ఫినాయిలు వాసన, తడిసిన గొడుగుల వాసన. అమ్మను పొడి బట్టల్లోకి మార్చి, చెప్పులు మంచం కింద పెట్టి, వేలికి క్లిప్పు తగిలించారు. పక్క మంచంలో కాలు విరిగిన తాపీమేస్త్రి ఉన్నాడు. కట్టు కోసం ఎదురుచూస్తూ, వచ్చినవాళ్ళనల్లా పలకరిస్తున్నాడు.

డాక్టరు చిన్నపిల్లే. ఓపిక గల పిల్ల. చేతులెత్తమంది, నవ్వమంది, వెనక్కి లెక్కపెట్టమంది. అమ్మ అన్నీ చేసింది. తన పేరు చెప్పింది. రొట్టెకు ఎంత పిండికి ఎంత ఈస్టో చెప్పింది. రోజూ పొద్దున చెప్పుకునే ప్రార్థన మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట తప్పకుండా చెప్పింది. ఇప్పుడు ఏ సంవత్సరమంటే మాత్రం ఆలోచించి, కూతురి వైపు చూసి, "అదే చెబుతుంది" అంది.

స్కానింగ్ కూడా చూశాక డాక్టరు పెద్దమ్మాయిని పరదా ఇవతలికి పిలిచింది. భయపడాల్సిందేమీ లేదంది. కాసేపు ఉండి పోయే మతిమరుపట. చన్నీళ్ళు ఒక్కసారిగా మీద పడ్డా, మనసులో ఏదైనా దెబ్బ ఉన్నా కొందరికి ఇలా వస్తుందట. పాతవి కొన్ని మరుగున పడతాయి, కొత్తవేవీ నిలవవు. కొన్ని గంటల్లో అదే సర్దుకుంటుంది. ఈ కాసేపట్లో జరిగింది మాత్రం ఆవిడకు ఎప్పటికీ గుర్తుకు రాదు.

"నిలవనిది ఎక్కడికి పోతుంది డాక్టరుగారూ?" అని అడిగింది పెద్దమ్మాయి. ఎందుకడిగిందో తనకే తెలీదు.

డాక్టరు నవ్వింది. "ఎక్కడికీ పోదమ్మా. మీరు నెమ్మదిగా జవాబు చెబుతూ ఉండండి. ఎన్నిసార్లడిగినా విసుక్కోకండి."

తమ్ముడికి ఫోను చేసింది. వాడు సరుకుల వ్యాను తీసుకుని పొరుగూరు వెళ్ళాడు. వానకి దారి మూసేశారు, చీకటి పడేలోపు చేరతానన్నాడు.

పరదా తీసి లోపలికి వెళ్ళగానే అమ్మ నవ్వింది.

"ఏమైందే? నేనిక్కడున్నానేంటి?"

చెప్పింది.

అమ్మ ఒళ్ళోని దుప్పటిని ముందుకు సవరించుకుంది. "మీ నాన్నేరీ?"

పెద్దమ్మాయి మంచం అంచున కూర్చుంది. నాన్నమ్మ మాట ఉంది కదా. అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "నాన్న లేరమ్మా. పోయారు. మొన్న వేసవిలో" అంది.

అమ్మ ఏడవలేదు. రెండో చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది... నిద్రలో ఎవరో కాలు తొక్కితే వచ్చేలాంటిది. కళ్ళు పెద్దవయ్యాయి. తల పక్కనున్న యంత్రం త్వరత్వరగా కూసింది. ఆ ముఖాన్ని పెద్దమ్మాయి ఇంతకుముందొకసారి చూసింది. నాన్న పోయిన పొద్దున్న.

కాసేపటికి ఆ కళ్ళల్లోంచి ఏదో జారిపోయింది. పలక తుడిచినట్టు. అమ్మ నవ్వింది.

"ఏమైందే? నేనిక్కడున్నానేంటి?"

భర్త పోయాడన్న మాట ఆడది జీవితంలో ఒకసారి వింటుంది. అమ్మ ఆ సాయంత్రం దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నది. విన్న ప్రతిసారీ అదే మొదటిసారి. ప్రతిసారీ ఆ చెయ్యి గుండె మీదికి వెళ్ళేది. ఆ చిన్న శబ్దం. ఆ కూత. మొదట్లో పెద్దమ్మాయి ముఖం తిప్పుకునేది. తర్వాత అదీ లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంపను ఎవరు గిల్లినా తెలీదు చూడండి, ఒళ్ళంతా అలా అయిపోయింది. తన గొంతు "లేరమ్మా" అనడం తనకే పక్కింట్లోంచి వినపడుతోంది.

మేస్త్రి పరదా అవతలినుంచి మెల్లగా అన్నాడు. "మా ఆవిడకీ ఒక్క పూట ఇలా వస్తే బాగుండునమ్మా. నేను చేసినవన్నీ మర్చిపోతుంది." అంతలోనే, "కానీ ఇది పగవాళ్ళకి కూడా వద్దులే" అన్నాడు.

కళ్ళజోడు సిస్టరు వచ్చి యంత్రం చూసి మొహం ముడుచుకుంది. "బీపీ పైకి పోతోంది. అస్తమానం ఆ మాటెందుకమ్మా చెబుతారు? కిందున్నారనండి, వస్తున్నారనండి. ఎలాగూ గుర్తుండదు కదా. మాటలే కదా, ఖర్చేముంది?"

"మా ఇంట్లో అలా అనం సిస్టరుగారూ."

"మీ ఇంట్లో ఏమంటారో నాకు తెలీదు. ఇది ఇలాగే పెరిగితే నరం చిట్లుతుంది. అప్పుడు ఏమనుకుని ఏం లాభం?"

సిస్టరు వెళ్ళిపోయింది. అమ్మ దుప్పటి సవరించుకుంది.

"మీ నాన్నేరీ?"

పెద్దమ్మాయి నోరు తెరిచింది. నాన్నమ్మా, క్షమించు అనుకుంది. దేవుడా, నువ్వూ చెవులు మూసుకో అనుకుంది.

"కిందున్నారమ్మా. బండి పెట్టి వస్తున్నారు."

అమ్మ ముఖం విచ్చుకుంది. ఎండ పడ్డ కిటికీలా అయింది. యంత్రం కూత నెమ్మదించింది. "వచ్చారా? వానలో తడుస్తారేమోనే" అంది.

అంతే. అంత సులువు.

మళ్ళీ అడిగింది. మళ్ళీ బండి పెడుతున్నారంది. మళ్ళీ అమ్మ "వానలో తడుస్తారే" అని బెంగపడింది. తడవడం ఎందుకని, ఆ తర్వాతిసారి పెద్దమ్మాయి ఆయన్ను గేటులోపలికి తెచ్చేసింది. "గేటు దాటారమ్మా." ఆ పైసారి, "మెట్లెక్కుతున్నారు. మోకాళ్ళు కదా, మెల్లగా." అమ్మ ఆ మాటకు నవ్వింది. "మోకాళ్ళు నాకు గానీ, ఆయనకెక్కడివే?" అంది. పెద్దమ్మాయి కూడా నవ్వింది. మొద్దుబారిన నోటికి నవ్వు కూడా సులువుగానే వచ్చింది. పిల్లలకు కథ చెబుతుంటే రాజుగారిని ఒక్కో ఊరూ దాటించమూ... అలాగే. తెలియకుండానే ఆయన్ను ఒక్కో అడుగూ దగ్గరకు తెచ్చింది.

"వరండాలోకి వచ్చారు."

"బెంచీ మీద కూర్చున్నారు. లోపలికి ఒక్కరినే రానిస్తారు కదా."

మేస్త్రి గట్టిగా గాలి పీల్చాడు. "ఎవరమ్మా, ఇక్కడ రొట్టె కాలుస్తున్నారు? కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి."

పెద్దమ్మాయికీ వాసన వచ్చింది. ఫినాయిలు లేదు. గొడుగుల తడి లేదు. తొలి వాయి రొట్టె పొయ్యిలోంచి బయటికి తీసినప్పటి వాసన. తన బట్టలకు అంటుకున్నదే అనుకుంది. తన బట్టలు తడిసి, ఆ వాసన ఎప్పుడో పోయిందని తెలిసి కూడా అలాగే అనుకుంది.

సిస్టరు పరదా తీసింది. "ఎవరో పెద్దాయన బయట బెంచీ మీదున్నారు. మీ నాన్నగారేనట కదా? పోయారన్నారేంటమ్మా, తప్పు కదూ? మంచినీళ్ళు కావాలా అంటే, పిల్ల కూర్చోమంది, కూర్చున్నా అన్నారు." అని, తన భుజం చూసుకుని దులుపుకుంది. "ఏంటో సున్నం... ఆయన చేతులనిండా..."

పెద్దమ్మాయి లేవలేదు. మంచం ఊచను పట్టుకుని కూర్చుంది.

కరెంటు పోయింది.

పరదాలు నల్లబడ్డాయి. యంత్రాలు బ్యాటరీ మీద చిన్నగా కూస్తున్నాయి. వాన చప్పుడు. ఆ వాన చప్పుడు కింద... వార్డు తలుపు మీద...

దభ్... దభ్...

అమ్మ ఊపిరి తీసుకుంది. ఏదో అనబోయింది. పెద్దమ్మాయి చప్పున ఆ నోటి మీద చెయ్యి పెట్టింది. కన్నతల్లి నోరు మూసింది. ఎందుకో తెలీదు. ఆ మాట మాత్రం బయటికి రాకూడదనిపించింది.

జనరేటరు గురగురమని అందుకుంది. మసక వెలుగు వచ్చింది. చేతి కింద అమ్మ పెదవులు కదిలాయి.

"ఏంటే ఇది? ఊపిరాడట్లేదు."

ఆ గొంతు వేరు. బరువుగా, అలిసిపోయి, అమ్మలా ఉంది. దుప్పటి సవరించుకోలేదు. నవ్వలేదు. పరదా వైపు, యంత్రం వైపు, వేలి క్లిప్పు వైపు చూసింది. దుప్పట్లు తేవడానికి మేడెక్కానంది. ఆ తర్వాత ఏమీ తెలీదంది. పెద్దమ్మాయి, నాన్న సంగతి గుర్తుందా అని అడిగింది.

అమ్మ చాలాసేపు కూతురి ముఖం చూసింది. "మీ నాన్న లేరు కదే" అంది. పాత దుఃఖంతో. మడతపెట్టి పెట్టెలో దాచుకున్న దుఃఖంతో. "నేనేమైనా పిచ్చిగా వాగానా?"

"లేదమ్మా. ఏమీ అడగలేదు."

డాక్టరు వచ్చి, చూసి, సంతోషించింది. ఈ రాత్రికి ఉంచుకుని పొద్దున పంపించేస్తామంది. అంతలో తమ్ముడు తడిసి ముద్దయి వచ్చాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, నన్ను గుర్తుపట్టావా లేక కొత్తగా పరిచయం చేసుకోవాలా అన్నాడు. నిన్ను మర్చిపోయే అదృష్టం నాకెక్కడిదిరా అంది అమ్మ. మేస్త్రి పకపకా నవ్వాడు. వాసన మాత్రం పోలేదు.

మందులు తేవాలి. పెద్దమ్మాయి చీటీ పట్టుకుని తలుపు తోసుకుని వరండాలోకి వచ్చింది.

పొడవాటి వరండా. సగం దీపాలే వెలుగుతున్నాయి. బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నారు.

చేతుల్లేని బనీను. మణికట్ల దాకా తెల్లటి పిండి. పిండి అంటకుండా చేతులు రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకున్నారు. ఆవిడ చూపు ఆ చేతుల మీదే ఆగింది. అంతకు పైకి, మెడ దాటి, ముఖం వైపు వెళ్ళలేదు.

"ఏమైందే?" అన్నారాయన. "నేనిక్కడున్నానేంటి?"

నాన్న గొంతే. కానీ ఆ అడగడం నాన్నది కాదు. ఆ సాయంత్రమంతా విన్న అడగడం. ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో ఆవిడకు కంఠతా వచ్చేసినది.

"బండి పెట్టి వచ్చాను" అన్నారు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "ఏ బండో తెలీట్లేదు. గేటు దాటాను. మెట్లెక్కాను... మోకాళ్ళు నొప్పెట్టాయి. నాకు మోకాళ్ళ నొప్పులెప్పటినుంచే?" పిండి చేతులు ఒళ్ళో లేని దుప్పటిని ముందుకు సవరించాయి. "మీ అమ్మేదీ?"

ఆయన దగ్గర ఉన్నవి తను చెప్పిన మాటలే. అంతకుమించి ఏమీ లేవు.

పెద్దమ్మాయికి ఏడుపు రాలేదు. భయం కూడా సరిగ్గా రాలేదు. ఎక్కడో లోతున, మొద్దుబారిన చోటుకు అవతల, ఎవరో అరుస్తున్నట్టుంది. నాన్నమ్మ మాట పట్టుకుంది.

"మీరు లేరు నాన్నా" అంది గుసగుసగా. "పోయారు. మొన్న వేసవిలో. నిద్రలో."

పిండి చెయ్యి ఒకటి గుండె మీదికి వెళ్ళింది. బనీను మీద అయిదు వేళ్ళూ తెల్లగా పడ్డాయి. గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది... నిద్రలో ఎవరో కాలు తొక్కితే వచ్చేలాంటిది.

తను చెప్పిన మాటకి కన్నతండ్రి తన కళ్ళముందే చచ్చిపోవడం చూస్తూ నిలబడింది.

కాసేపటికి ఆ చెయ్యి మోకాలి మీదికి దిగింది. వెల్లకిలా.

"ఏమైందే? నేనిక్కడున్నానేంటి?"

మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఆ చెయ్యి. మళ్ళీ ఆ శబ్దం. మళ్ళీ చెప్పింది. ఎంతసేపు చెప్పిందో తెలీదు. వరండాలోంచి ఒక అటెండరు బండి తోసుకుంటూ పోయాడు, ఆవిణ్ణి చూశాడు, బెంచీని చూశాడు, పెద్దాయన కాళ్ళకు తగలకుండా బండి పక్కకు తిప్పుకుని వెళ్ళాడు. ఆవిడ నోరు ఎండిపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

"మీ అమ్మేదీ?"

"వస్తోంది నాన్నా" అంది. "మీరు కూర్చోండి."

నోటికి అలవాటైపోయింది. అంతే. సాయంత్రమంతా తిరిగిన గాడిలోనే నాలుక తిరిగింది.

ఆయన ముఖం వైపు చూడకపోయినా, అది విచ్చుకోవడం తెలిసింది. ఎండ పడ్డ కిటికీలా. ఆయన తృప్తిగా "ఊఁ" అన్నారు. బెంచీ మీద పక్కకు జరిగారు.

ఇంకొకరికి చోటిచ్చారు.

అప్పుడు అర్థమైంది, ఏమన్నదో. వెనక్కి పరిగెత్తింది. తలుపు తోసి, పరదా లాగింది. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. పాదాలు చెప్పుల కోసం నేల మీద వెతుకుతున్నాయి. ఎక్కడికమ్మా అంటే, ఏమోనే, లేవాలనిపించింది అంది. తమ్ముడు వంగి మంచం కిందికి చూశాడు.

"చెప్పులెవరో తిప్పేశారే" అన్నాడు. "తలుపువైపు."

ఇదంతా జరిగి కొంతకాలమైంది. అమ్మ బాగుంది. డాక్టరు ఇంకేమీ రాదంది, రాలేదు. కోల్పోయినవన్నీ తిరిగొచ్చాయి, ఆ ఒక్క సాయంత్రం తప్ప. ఇంటికి పెద్దమ్మాయి కాలింగ్ బెల్లు పెట్టించింది. ఎవరొచ్చినా బెల్లే కొట్టాలని వీధిలో అందరికీ చెప్పింది. పాలవాళ్ళకీ, పోస్టుమాన్‌కీ, బంతాడుతూ కిటికీ అద్దాలు పగలగొట్టే పిల్లలకీ. బేకరీవాళ్ళు గొప్పవాళ్ళయిపోయారని వీధి నవ్వుకుంది.

ఇప్పుడు తలుపు తట్టేది ఒక్కరే.

అదీ వాన పడినప్పుడే. దభ్... దభ్... వినపడగానే పెద్దమ్మాయి ఉన్న పని ఉన్నట్టే వదిలేసి, అమ్మ కంటే ముందు సందు గుమ్మం దగ్గరికి వెళ్ళి, గడియ తీయకుండా, చెక్కకు నోరు ఆనించి, "మీరు లేరు నాన్నా. పోయారు" అని చెబుతుంది. అవతల ఆ చిన్న శబ్దం. తర్వాత నిశ్శబ్దం. మరిచిపోవడానికి పట్టేంత సేపే నిశ్శబ్దం. మళ్ళీ... దభ్. వాన తెరిపి ఇచ్చేదాకా ఆవిడ అక్కడే కూర్చుంటుంది. అమ్మ చెప్పులు పొద్దున్నే లోపలివైపు తిప్పి పెడుతుంది. మధ్యాహ్నానికి అవి వీధివైపు తిరిగి ఉంటాయి. రోజురోజుకీ గడపకు దగ్గరవుతున్నాయి. అమ్మ ఒకసారి అడిగింది, నా చెప్పులెవరే తిప్పుతున్నారు అని. నేనేనమ్మా, నీకు వీలుగా ఉంటుందని, అంది.

నిన్న మధ్యాహ్నం పిండి కలిపే యంత్రం తిరుగుతోంది. దాని రొదలో వాన మొదలైన సంగతి తెలీలేదు. పెద్దమ్మాయి చేతులు రెండూ మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. యంత్రం ఆపింది. అప్పుడు వినపడింది.

దభ్... దభ్...

ఎంతసేపటినుంచి తడుతున్నారో. ఆవిడ నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినపడింది. ఎన్నో ఏళ్ళ అలవాటుతో. ప్రార్థన చదువుకుంటూ, మధ్యలో ఆపి, తీరిగ్గా.

"ఆఁ, వస్తున్నా."

తట్టడం ఆగిపోయింది.

పిండి చేతులతోనే పరిగెత్తింది. ఊగే తలుపును మోచేత్తో తోసింది. దభ్‌మంది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది.

అమ్మ కుర్చీలోనే ఉంది. కళ్ళెత్తి చూసింది. "ఎవరే? నేను లేచేలోపే ఊరుకున్నారు" అంది. గుమ్మానికి గడియ వేసే ఉంది. పెద్దమ్మాయి గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. దేవుడా, నీ దయ అనుకుంది.

తర్వాత గడప వైపు చూసింది. చెప్పులు లేవు.

గడియ మీద పిండి వేళ్ళు పడేలా దాన్ని లాగింది. సందులో ఎవరూ లేరు. జడివాన. "మీరు లేరు నాన్నా" అంది ఆ వానలోకి. ఇంకోసారి అంది. ఎంత విన్నా ఆ చిన్న శబ్దం ఈసారి రాలేదు.

అమ్మ చెప్పులు బయట మెట్టు మీద ఉన్నాయి. పక్కపక్కనే, వీధివైపు తిరిగి. మెట్టు మీంచి నీళ్ళు కాలవ కట్టి పోతున్నాయి.

చెప్పులు మాత్రం పొడిగా ఉన్నాయి. ఎవరో పక్కన నిలబడి వాటికి గొడుగు పట్టినట్టు.